నడుము మగ్గం

ట్రక్కు మా జవాన్లను మధ్యాహ్నం రెండు గంటలకు దించింది. వాన. మణిపూర్ కొండల్లో మట్టిరోడ్డు అక్కడితో ఆఖరు. పైన మా పోస్టు. రేకుల కప్పు, ఇసుక బస్తాల బంకర్లు మూడు. కింద వాగు. అవతలి ఒడ్డు మయన్మార్. మా సిరిసిల్ల మానేరు నది ముందు అదొక పిల్ల కాలువ. ఇంత చిన్న వాగు రెండు దేశాలను ఎలా విడదీస్తోందని హవల్దారును అడిగాను. ఆయన హర్యానా మనిషి.

"బ్యాగు దించకముందే సవాలా?" అన్నాడు. హిందీలో సవాల్ అంటే ప్రశ్న. ఆ రోజు నుంచి పోస్టులో నా పేరే సవాల్.

తప్పు ఆయనది కాదు. నాకు ఆ జబ్బు చిన్నప్పటి నుంచీ ఉంది. మాది పద్మశాలీ ఇల్లు. నాన్న గుంట మగ్గం మీద కూర్చుంటే పక్కనే చేరి పోగుపోగుకూ ఒక ప్రశ్న వేసేవాణ్ణి. "నీ నోట్లె నాడె వెట్టినా ఆగవురా" అని తిట్టేవాడు. నాడె అంటే మగ్గంలో పోగును అటూ ఇటూ నడిపేది.

రెండు గంటలు కాపలా, నాలుగు గంటలు విశ్రాంతి. రైఫిలు, వానకోటు, నడుముకు కాన్వాసు బెల్టు, జేబులో ఉప్పు పొట్లం. ఉప్పు జలగలకు. అక్కడి జలగలు బూటు కన్నాల్లోంచి కూడా దూరతాయి.

వాగు దాటి వచ్చినవాళ్ళను పోస్టు కిందున్న ఊరి బడిలో ఉంచారు. చిన్ తెగవాళ్ళు, క్రైస్తవులు. అవతల సైన్యం ఊళ్ళు తగలబెడుతుంటే పారిపోయి వచ్చారు. మా లెక్కలో కాగితాలు లేని విదేశీయులు. రెండూ నిజమే. వాళ్ళను వెనక్కి పంపాలని ఆర్డరు వచ్చింది. బడికి కాపలా మా సెక్షన్‌ది.

ఆమెను నేను అక్కడే చూశాను. యాభై దాటిన మనిషి. బడి వరండాలో నేల మీద కూర్చుని బట్ట నేస్తోంది. మగ్గం ఏదా అని వెతికాను. లేదు. పడుగు పోగుల, అంటే నిలువు పోగుల, ఒక కొస వరండా స్తంభానికి కట్టి ఉంది. రెండో కొసన ఉన్న కర్ర ఆమె ఒళ్ళో ఉంది. ఆ కర్రను ఒక వెడల్పాటి తోలు పట్టీతో వెనకనుంచి నడుముకు తగిలించుకుంది. పట్టీ జారకుండా దాని మీదుగా నడుముకు తాడు బిగించుకుంది. వెనక్కి వాలితే పోగులు బిగుస్తున్నాయి, ముందుకు వంగితే వదులవుతున్నాయి. ఆమె నడుమే మగ్గంలో సగం.

నాకు మతి పోయింది. డ్యూటీ దిగగానే పోస్టు వంటవాణ్ణి లాక్కొచ్చాను. అతనిది ఆ ఊరే, వాళ్ళ భాష వచ్చు.

"ఈ మగ్గాన్ని ఎక్కడికైనా తీసుకుపోవచ్చా, అడుగు."

అడిగాడు. ఆమె నవ్వి ఏదో చెప్పింది.

"చుట్టి చంకలో పెట్టుకుంటుందట. ఇల్లు కాలినప్పుడు ఇదొక్కటే తెచ్చుకుందట. నువ్వు ఎందుకడుగుతున్నావని అంటోంది."

మాదీ నేత కులమేనని చెప్పించాను. నమ్మలేదు. పక్కన కూర్చుని తెగిన పోగు ఒకటి అతికి చూపించాను. ముడి చూసి నమ్మింది. ఆ తర్వాత రోజూ డ్యూటీ దిగగానే అక్కడికే పోయేవాణ్ణి. మా గుంట మగ్గం నేలలో పాతుకుని ఉంటుంది, మనిషి లేచిపోయినా అది కదలదు. ఈమె లేస్తే మగ్గమూ లేస్తుంది. ఎంత తెలివైన పద్ధతి అనుకున్నాను. మనిషిని తరిమేస్తే ఏమవుతుందన్నది అప్పుడు ఆలోచించలేదు.

ఆ బట్ట పుట్టబోయే మనవడికో మనవరాలికో. పసిబిడ్డను వీపున కట్టుకునే గుడ్డ. వాళ్ళలో అమ్మమ్మే నెయ్యాలట. ఆమె కూతురికి నెలలు నిండాయి. కదిపితే ప్రాణానికే ముప్పని బడికి వచ్చి చూసిన డాక్టరమ్మ చెప్పడంతో కూతురిని కాన్పయ్యేదాకా ఇక్కడే ఉండనిచ్చారు. తల్లికి ఆ వీలు లేదు. పంపే ముందు రోజు రానే వచ్చింది. ఆమె మిగతావాళ్ళతో మర్నాడు ఉదయం వాగు దాటాలి. ఈలోగా బట్ట పూర్తిచేసి కూతురి చేతిలో పెట్టాలి. ఇంకా మూరెడు ఉంది. సాయంత్రానికి అయిపోతుందని నేనే లెక్క కట్టి చెప్పాను.

మధ్యాహ్నం ఒంటి గంటకు రేడియో మోగింది.

"పైన కొండల్లో పెద్ద వాన. వాగు పెరుగుతోంది. రేపు కాదు, ఇవాళే. మూడు గంటలకల్లా దాటించండి. ఓవర్."

"అర్థమైంది. ఓవర్," అన్నాడు హవల్దారు. నా మొహం చూడలేదు.

"ఉస్తాద్, ఒక్క గంట ఆగలేమా? బట్ట అయిపోవచ్చింది."

"వాగుకు చెప్పు సవాల్. నాకెందుకు చెబుతావు?" అన్నాడు. కానీ అందర్నీ దాటించి ఆమెను చివరన పెట్టింది ఆయనే. అది ఆయన చెయ్యగలిగినంత.

ఆమె నేసింది. అంత వేగంగా నాన్న కూడా నేయలేదు. నేను చిక్కులు విడదీసి అందించాను. కూతురు గోడకు ఆనుకుని కూర్చుని ఏడుస్తోంది. ఇంకా జానెడు ఉందనగా కింద నుంచి విజిల్ వినిపించింది.

ఆమె ఆగింది. నడుము పట్టీ కొసలు కర్ర నుంచి విప్పింది. స్తంభం దగ్గర ముడి విప్పింది. పోగులు చెదరకుండా బట్టనూ కర్రలనూ కలిపి చుట్టి కూతురి ఒళ్ళో పెట్టింది. కూతురి తల మీద చెయ్యి వేసి ఏదో చెప్పింది.

"మిగతాది నువ్వు నేసుకో అంటోంది," అన్నాడు వంటవాడు.

వాగుకు అడ్డంగా తాడు కట్టాం. నీళ్ళు నడుము దాకా ఉన్నాయి, బురద రంగు. ఆమె తాడు పట్టుకుని దిగింది. సగం దూరం పోయాక చూశాను. పట్టీ ఆమె నడుముకే ఉండిపోయింది.

"అమ్మా, పట్టీ! పట్టీ నీ నడుముకే ఉన్నది!" అని అరిచాను. అదీ తెలుగులో. వాగు హోరులో ఏ భాషైనా ఒకటే. ఆమె తిరగలేదు.

పైకి వచ్చేసరికి కూతురు చుట్ట విప్పి వెతుకుతోంది. పట్టీ లేకపోతే అది మగ్గం కాదు, నాలుగు కర్రలు. నా బెల్టు తీసి ఇచ్చాను. ఆ కడుపుతో వంగలేక వంగలేక స్తంభానికి పోగులు కట్టి, బెల్టు తగిలించుకుని వెనక్కి వాలింది. పోగులు బిగిశాయి. సాయంత్రం హాజరులో హవల్దారు నా ఖాళీ నడుము చూశాడు.

"బెల్టు ఏది?"

"వాగులో పోయింది, ఉస్తాద్."

"రాసుకుంటాను," అన్నాడు. మళ్ళీ అడగలేదు.

మర్నాడే మా సెక్షన్‌ను ఇంకో పోస్టుకు పంపారు.

ఇప్పుడు పింఛను వచ్చాక జగిత్యాలలో ఒక బ్యాంకు గేటు దగ్గర కాపలా ఉంటున్నాను. "సార్, ఎంతమందిని కాల్చిండ్రు?" అని బ్యాంకుకు వచ్చేవాళ్ళు అడుగుతారు. ఒక్కరినీ కాల్చలేదంటే నిరాశపడతారు. ఈ కథ నేను పూర్తిగా చెప్పింది కోరుట్లలో ఉండే నా బామ్మర్దికి ఒక్కడికే. పర్మిటు గడువు దాటిందని వాణ్ణి గల్ఫ్ నుంచి కట్టుబట్టలతో పంపేశారు. ఊరంతా "ఏం తెచ్చినవ్ రా" అని అడిగితే నోరు విప్పనివాడు. అంతా విన్నాక అన్నాడు.

"బావా, నేను గా రోజు పొయ్యి మీద అన్నం వెట్టిన. తలుపు కొట్టిండ్రు, గంతే. ఎవలన్న దించిండ్రో, మాడిపోయిందో, ఇప్పటికీ యాదికస్తది."

తర్వాత అడిగాడు. "గా పోరి బట్ట నేసిందా మరి? పిల్లనా, పిలగాడా?"

"నాకు తెల్వది రా."

"అన్నీ అడిగేటోనివి, గది అడగకపోతివి?"

అడగడానికి అక్కడ ఎవరున్నారు? సిరిసిల్లలో మా ఇంటి చుట్టూ ఇప్పుడు మరమగ్గాల మోత. పండక్కి పోయినప్పుడు ఆ మోతలో కళ్ళు మూసుకుంటే నాకు తుపాకులు కనబడవు. బురద నీళ్ళు కనబడతాయి. తాడు పట్టుకుని పోతున్న ఒకామె వీపు. నడుముకు తోలు పట్టీ. దాని రెండు కొసలూ దేనికీ కట్టి లేవు, ఆమె వెనకే నీళ్ళ మీద తేలుతూ పోతున్నాయి.