బర్రెల డాక్టరమ్మ

మా కింది పోర్షన్‌లో కిరాయికి ఉంటున్న అమ్మాయి మొన్న ఆదివారం వాకిట్లో తన కుక్కకు స్నానం చేయించింది. సీసా మూత తీయగానే ఘాటు నా ముక్కుకు తగిలింది. గోమార్ల మందు వాసన. పశువుల ఒంటికి అతుక్కుని రక్తం తాగే పురుగులను మేము గోమార్లంటాం. వాటిని చంపే మందు ఏ కంపెనీది తెచ్చినా వాసన ఒకటే, ముక్కులో మొదలై గొంతులో చేదుగా దిగుతుంది. "వాసన పడట్లేదా ఆంటీ? లోపలికెళ్ళండి" అంది ఆ పిల్ల. పడకపోవడమేముంది? ఎనిమిది బర్రెలను సాకిన ముక్కు ఇది. ఆ వాసన వచ్చిందంటే కొండాపూర్‌లో ఒక గల్లీ, ఆ గల్లీలో ఒక షట్టరు గది, ఆ గదిలో నేల మీద గొంతుక్కూర్చుని కుక్క వీపుకు ముక్కు ఆనించిన ఒక మనిషి కళ్ళ ముందుకొస్తారు. ఆమె పేరు కాత్యాయని. పశువుల డాక్టరు. ఆ గదిని కూలగొట్టి అక్కడ ఐదంతస్తులు లేపారు. అయినా నా కాళ్ళు ఆ గల్లీ మొదట్లో ఇప్పటికీ ఆగుతాయి.

ఇప్పుడు గాజు ఆఫీసులున్న చోట ఒకప్పుడు మా బర్రెలు మేసేవి. భూమి పోయింది, మేత పోయింది, బర్రెలనూ ఒక్కొక్కటే అమ్మేశాం. పంపకాల్లో మా వంతుకు ఒక చిన్న రెండంతస్తుల ఇల్లు మిగిలింది. మా ఆయన పోయాక ఆ ఇంటి కిరాయితోనే బతుకుతున్నాను. పైన ఉండిన కుర్రాడు ఒకడు బెంగళూరు ఉద్యోగానికి పోతూ తన కుక్కను నాకు అప్పజెప్పాడు. "రెండు నెలలే ఆంటీ, ఇల్లు దొరకగానే వచ్చి తీసుకెళ్తా" అన్నాడు. మూడో నెలకు వాడి ఫోన్ నంబరు మారింది. వాణ్ణి తిట్టితిట్టి నోరు నొప్పిపుట్టాక కుక్కను చూశాను. గడప మీద గడ్డం ఆనించి నా వంకే చూస్తోంది. పేరు బ్రౌనీ. చాక్లెట్ రంగు ఆడకుక్క, నాలుగేళ్ళది. మా ఆయన పోయిన తర్వాత ఆ ఇంట్లో నా అడుగుల చప్పుడు విని లేచి నిలబడే ప్రాణి అదొక్కటే. ఈ మాట అప్పట్లో ఎవరితోనూ అనలేదు. కుక్కంటే ఇష్టమని చెప్పుకోవడం మా వాడకట్టులో నామోషీ.

ఆ వానాకాలం బ్రౌనీకి గోమార్లు పట్టాయి. చెవుల్లో, వేళ్ళ సందుల్లో, తోక కింద, ఎక్కడ చూసినా అవే. బర్రెలకు ఎన్నిసార్లు తీయలేదు, దీనికి డాక్టరెందుకనుకున్నాను. బాలానగర్ పోయే దారిలో పశువుల మందుల దుకాణం ఉంటే సీసా తెచ్చాను. చెయ్యి అలవాటు మరిచిపోదు కదా. బర్రెకు కలిపినట్టే కలిపి, గోనెగుడ్డతో ఒళ్ళంతా రుద్ది ఎండలో కట్టేశాను. కుక్క తన ఒళ్ళు తాను నాక్కుంటుందన్న సంగతి నాకు తట్టలేదు. సాయంత్రానికి దాని కాళ్ళు తడబడ్డాయి. నోట్లోంచి సొంగ. తెల్లవారేసరికి పిలిచినా కళ్ళు తెరవలేదు, ఒళ్ళు చల్లబడింది.

మెయిన్ రోడ్డు మీద అద్దాల తలుపుల పెద్ద ఆసుపత్రికి ఆటోలో తీసుకుపోయాను. తెల్లకోట్ల పిల్లలు మంచివాళ్ళే, పరుగెత్తుకొచ్చారు. "ఇంట్లో ఏమైనా మందు వాడారా అమ్మా?" అని ఒకసారి కాదు, రెండుసార్లు అడిగారు. రెండుసార్లూ లేదన్నాను. ఎనిమిది బర్రెలను సాకినదాన్ని, ఒక కుక్కకు మందు పూయడం రాక చంపుకుంటున్నానని ఆ చిన్నపిల్లల ముందు ఎలా ఒప్పుకోను? లేదన్నాను కాబట్టి వాళ్ళు రక్తం తీశారు, పొట్ట స్కానింగు చేశారు, మళ్ళీ రక్తం తీశారు. ఏమీ తేలలేదు. రాత్రికి ఇక్కడే ఉంచాలి, ఇంతవుతుందని ఒక కాగితం చేతిలో పెట్టారు. అప్పటికే ఒక నెల కిరాయి అయిపోయింది. కుక్కను ఎత్తుకుని బయటికొచ్చాను.

నా ఏడుపు చూసి ఆటో అతను అన్నాడు: "అవ్వా, గా గల్లీల బర్రెల డాక్టరమ్మ ఉన్నది. సర్కారు కొలువు జేసి రిటైరైంది. జర ఆమెకు సూపియ్యరాదు."

"బర్రెల డాక్టరు కుక్కకేం జేస్తదిరా?"

"అద్దాల డాక్టర్లు ఏం జేసిన్రు మరి?" అని ఆటో తిప్పాడు.

షట్టరు గదిలో ఒక బల్ల, రెండు కుర్చీలు, గోడకు ఒక ఫ్యాను. నెరిసిన జడ, నూలు చీర, మోకాళ్ళ దాకా ఆప్రాన్. ఆమె బ్రౌనీని బల్ల మీద పెట్టనివ్వలేదు. నేల మీదే దించమని, తానూ నేల మీదే కూర్చున్నారు. కనురెప్ప ఎత్తి చూశారు, గుండె విన్నారు, తర్వాత వీపుకు ముక్కు ఆనించారు. ఆ తర్వాత నా చెయ్యి లాక్కుని దాన్నీ వాసన చూశారు.

"మీ పేరేంటండి?"

"యాదమ్మ."

"యాదమ్మ గారూ, ఏం మందు రాశారు దీనికి?"

నన్ను గారూ అని పిలిచిన మొదటి మనిషి ఆమె. అయినా నా బుద్ధి మారలేదు. "మందేం లేదమ్మా" అన్నాను.

"నేను ముప్ఫై ఏళ్ళు గేదెల మధ్యే పనిచేశానండి. ఈ వాసన నాకు తెలీదా? ఎంత కలిపారో చెప్పండి. దాన్నిబట్టే దీని ప్రాణం."

నోరు తెరిచాను. "మా బర్రెలకు కలిపినంతనే కలిపిన."

"గేదె కొలతలో పోస్తే ఇది గేదె అయిపోతుందా అండి?" అంటూనే ఆమె చేతులు పని మొదలుపెట్టాయి. గోరువెచ్చని నీళ్ళు, సబ్బు. ఇద్దరం కలిసి మూడుసార్లు కడిగాం. సూది వేశారు, సెలైన్ పెట్టారు, తన శాలువానే కప్పారు. అంతా అయ్యాక చేతులు తుడుచుకుంటూ అడిగారు: "పెద్దాసుపత్రిలో ఎందుకు చెప్పలేదండి?"

"సిగ్గయింది."

"మీ సిగ్గుకు ఎంతయిందేంటి?"

"ఒక నెల కిరాయి."

"ఖరీదైన సిగ్గే" అన్నారు. నవ్వలేదు, కోప్పడనూ లేదు. "మనుషులైతే కడుపునొప్పో తలనొప్పో నోటితో చెప్తారు. వీటికి నోరు మీరేనండి. మీరు దాస్తే మేం మిషన్లతో వెతకాలి. మిషన్లకి డబ్బులవుతాయి."

రెండో రోజు మధ్యాహ్నం బ్రౌనీ తల ఎత్తింది. నేను ఆ షట్టరు ముందు మెట్టు మీద కూర్చుని, దారిన పోయేవాళ్ళు చూస్తున్నా ఆగకుండా ఏడ్చాను.

ఆ గదిలో ఒక పద్ధతి ఉండేది. ప్రతి జంతువుకూ ఒక నోట్‌బుక్. ఏం తిన్నది, ఎంత తాగింది, విరేచనం ఎలా అయింది, ఇంట్లో ఏ మందు పెట్టాం, ఇవన్నీ సాకేవాళ్ళే తమ చేత్తో రాసుకురావాలి. నోట్‌బుక్ లేకుండా వస్తే కారు దిగినవాళ్ళనైనా వెనక్కి పంపేవారు. నాకూ ఒకటి ఇచ్చారు.

"నాకు సదువు రాదు డాక్టరమ్మా. పైన కిరాయికుండే పిల్లతోని రాపిచ్చుకొస్త."

"ఆ అమ్మాయి ఆఫీసుకెళ్ళాక ఇది కక్కుకుంటే ఎవరు రాస్తారండి? మీరే రాయాలి. రండి, ఇలా కూర్చోండి."

నాకప్పటికి యాభై తొమ్మిది. పెన్ను పట్టుకుంటే వేళ్ళు పాలు పిండుతున్నట్టు బిగుసుకునేవి. అలా అంటే, "పిండండి, అక్షరాలు కారతాయి" అనేవారు. నా పేరు కంటే ముందు నేను రాసిన మాట 'తిన్నది'. రెండోది 'తినలేదు'. పేషెంట్లు లేని పూట ఆమె నా పక్కన కూర్చుని ఒత్తులు దిద్దేవారు. కుక్కను చూపించుకోవడానికి వచ్చిన ఒక సాఫ్ట్‌వేర్ అబ్బాయి, "ఇది క్లినిక్కా, బడా మేడమ్?" అని ఎగతాళి చేశాడు. "బడేనండి. మీరు మీ కుక్క బరువు ఎంతో రాయకుండా వచ్చారు, మీరూ కూర్చోండి" అన్నారు. ఇప్పుడు ఈ నాలుగు ముక్కలు రాస్తున్నానంటే ఆ మెట్టు మీద నేర్చిందే.

ఖర్చు విషయంలో ఆమెకు మొహమాటం లేదు. పిచ్చికుక్క టీకా పది డోసుల బుడ్డి తెరిస్తే చవక కాబట్టి, గల్లీలో కుక్కలున్న ఇళ్ళన్నిటినీ ఒకే ఆదివారం రమ్మనేవారు. నా చేత డబ్బులు దాచుకునే గల్లగురిగి ఒకటి కొనిపించారు. కిరాయి వచ్చిన రోజే బ్రౌనీ పేర అందులో కొంత వేయాలని, జబ్బు చేశాక వెతుక్కోకూడదని. ఒకసారి నేనే అడిగాను, మీరు లేనినాడు నేను ఎవరి దగ్గరికి పోవాలె, మంచి డాక్టరని ఎట్ల ఎరుకైతదని.

"ముందు జంతువు వంక చూస్తాడా, మీ వంక చూస్తాడా గమనించండి. ఎంతవుతుందని అడిగితే మొహం మాడ్చుకునేవాడి గడప తొక్కకండి. 'ఇది నాకు చేతకాదు, ఫలానా చోటికి తీసుకెళ్ళండి' అనేవాణ్ణి మాత్రం వదులుకోకండి." ఆమె అలాగే ఉండేవారు. ఎముక విరిగిన కేసు వస్తే తానే ఫోన్ చేసి ఆ అద్దాల ఆసుపత్రికే పంపేవారు.

బ్రౌనీకి పదమూడేళ్ళు నిండాక తిండి తగ్గింది. డాక్టరమ్మ పొట్ట తడిమి, స్కానింగుకు పంపారు. లోపల పెద్ద గడ్డ. ఆపరేషన్ చేయొచ్చు, గ్యారంటీ లేదు అన్నారు అక్కడ. వాళ్ళు చెప్పిన మొత్తానికి గల్లగురిగి ఏ మూలకూ చాలదు. నా చేతి గాజులు అమ్మేద్దామని తేల్చుకుని, ఆ మాట చెప్పడానికే షట్టరు దగ్గరికి పోయాను. నలుగురైదుగురు తమ కుక్కలతో కూర్చుని ఉన్నారు.

కాగితాలు చూసి ఆమె అన్నారు: "వద్దండి యాదమ్మ గారూ. గుండె కూడా బలహీనంగా ఉంది. బల్ల మీదే పోవచ్చు. పోకపోయినా నెలో, రెణ్ణెల్లో. ఆ రెణ్ణెల్లూ కుట్ల నొప్పే. గాజులు ఉంచుకోండి."

నాకు ఒళ్ళు మండింది. ఆమెతో ఎన్నడూ అననట్టు అన్నాను. "నీకేం ఎరుక? బర్రెల డాక్టరువి, బర్రెల లెక్కనే సూస్తున్నవ్. ఒట్టిపోయిన బర్రెను కోతకు తోలినట్టు తోలుమంటున్నవ్!"

ఒట్టిపోయిన బర్రెలను కోతకు తోలింది ఆమె కాదు. నేను. ఆ సంగతి ఒకసారి నా నోటితో నేనే ఆమెకు చెప్పుకుని బాధపడ్డాను కూడా. ఆమె కళ్ళజోడు తీసి కొంగుతో తుడుచుకుని, పెట్టుకున్నారు. "మీ ఇష్టమండి. ఎక్కడికెళ్ళినా నోట్‌బుక్ తీసుకెళ్ళండి" అని తర్వాతి కుక్కను పిలిచారు.

మర్నాడు పొద్దున ఆసుపత్రికి బయల్దేరుతూ నోట్‌బుక్ తెరిచాను. కూర్చుని, వేలు పెట్టి ఒక్కొక్క పేజీ చదివాను. సగం తిన్నది. తినలేదు. పాలు తాగింది, కక్కింది. తినలేదు. మెట్టు ఎక్కలేదు. తినలేదు. లేవలేదు. రెండు నెలలుగా నా చేత్తో నేనే రాస్తూ వచ్చాను, ఒక్కరోజూ చదవలేదు. ఆ రాతలో ఎక్కడా ఆపరేషన్ అడుగుతున్న కుక్క లేదు. చాలనుకుంటున్న కుక్క ఉంది. ఆటో అతన్ని వెనక్కి పంపి, డాక్టరమ్మకు ఫోన్ చేశాను. "వస్తున్నానండి" అన్నారు. అంతే.

కూకట్‌పల్లి నుంచి స్కూటర్ మీద వచ్చారు. చెప్పులు బయట విడిచి, ఎప్పటిలాగే నేల మీద కూర్చున్నారు. నిన్నటి మాట ఆమె మొహంలో వెతికాను. కనబడలేదు. "దానికిష్టమైంది ఏదైనా పెట్టండి" అన్నారు. కోడిగుడ్డు అట్టు వేసి తుంచి పెట్టాను. తినలేదు, నా వేళ్ళు మాత్రం నాకింది. తల నా ఒళ్ళో ఉండగా సూది వేశారు. చాలాసేపు గుండె మీద గొట్టం తీయలేదు. తర్వాత మెల్లగా, "వెళ్ళిపోయిందండి" అన్నారు. నా చెయ్యీ ఆమె చెయ్యీ దాని వీపు మీదే ఉన్నాయి. ఎవరమూ ముందుగా తీయలేదు.

ఆ ఏడాదే ఆ షట్టరు ఖాళీ చేయించారు. ఆమెకూ ఆరోగ్యం చెడింది. కూకట్‌పల్లిలో తన చెల్లెలి ఇంట్లో ఉంటున్నారని తెలిసి, ఒక మాట చెప్పి రావాలని బస్సెక్కాను. దారి పొడవునా ఆ మాటే లోపల దిద్దుకున్నాను. మంచం మీద సగమైపోయి ఉన్నారు. నన్ను చూసి మొహం విప్పారింది.

"ఇప్పుడు ఇంట్లో ఎవరున్నారండి?" అని అడిగారు. కుక్కనో పిల్లినో అడుగుతున్నారని నాకు తెలుసు.

"ఎవ్వరు లేరమ్మా."

"ఎవరినైనా తెచ్చుకోండి. మీ చెయ్యి మంచిది."

ఆ చెయ్యి పట్టుకుని వాసన చూసిన మనిషి ఆ మాట అంటుంటే మంచం అంచున కూర్చున్నాను. "డాక్టరమ్మా, ఆ రోజు..." అన్నాను.

"ఏ రోజండీ?"

నిజంగా మరిచిపోయారో, నన్ను కాయడానికి అలా అడిగారో ఆ కళ్ళలో తెలియలేదు. కాలనీలో కుక్కను సరిగ్గా సాకనివాణ్ణి సాకట్లేదని, కిరాయి కట్టనివాణ్ణి కట్టలేదని మొహం మీదే అనేదాన్ని నేను. అప్పుడు మాత్రం, "ఏం లేదమ్మా. ఆ రోజు ఎండ బాగుండె" అన్నాను. ఆమె తలూపారు. చెల్లెలు టీ తెచ్చింది. టీ తాగి, మళ్ళొస్తానని వచ్చేశాను. మళ్ళీ పోదామనుకున్న వారంలోపే ఆమె లేరని ఫోనొచ్చింది.

ఇప్పుడు ఇరుగుపొరుగు పిల్లలు కుక్కకు జ్వరమొస్తే, ఏ డాక్టరు మంచివాడని నన్ను అడుగుతారు. నాకు తెలిసినంత చెప్తాను. అవసరమైతే వెంట పోయి డాక్టర్ల గదుల్లో కూర్చుంటాను. వాళ్ళు ఏదైనా దాస్తున్నట్టు అనిపిస్తే అక్కడే అడిగేస్తాను, వాళ్ళకు కోపమొచ్చినా సరే. అవన్నీ అయ్యాక ఒక్కదాన్నే ఇంటికొస్తూ దారిలో ఆమెకు జవాబు చెప్తాను. బ్రౌనీకి ఆపరేషన్ వద్దన్న రోజు డాక్టరమ్మా. నేను మిమ్మల్ని అందరి ముందు కాని మాట అన్న రోజు. మీరు కళ్ళజోడు తుడుచుకున్న రోజు.