మా బావ బండి గొంతు

రేపల్లె శివార్లలో మా బావ తన బండికి కిక్కు కొడితే బాపట్లలో నిద్రపోతున్నవాళ్ళు పక్కకి తిరిగి పడుకుంటారని నేను చాలామందికి చెప్పాను. మా బావ పాలల్లో చుక్క నీళ్ళు కలపడు. ఆ కలిపే పనేదో నేను మాటల్లో చేస్తుంటాను.

మా బావ అంటే మా అక్క భర్త. నాలుగు గేదెలు, ఒక బండి, దానికి అటూ ఇటూ వేలాడే పాలక్యాన్లు, ఊళ్ళో మూడు వీధుల నిండా రోజూ పాలు పోయించుకునే వాడికలు. ఆయనకి లేనిదల్లా మాట. పెళ్ళిచూపుల్లో తల ఊపి ఊరుకున్నాడనీ, ఆ ఊపు అవుననో కాదనో తేలక మా నాన్నకి వారం పాటు అన్నం సయించలేదనీ మా ఇంట్లో ఇప్పటికీ చెప్పుకుంటారు. పాలు పొయ్యడానికి వెళ్ళినా అంతే. ఎవర్నీ పిలవడు. ఆయన వెళ్ళేసరికే ఆడవాళ్ళు గిన్నెలతో గేటు దగ్గర నిలబడి ఉంటారు. అది ఆయన మంచితనానికి దక్కిన గౌరవమని మేమంతా అనుకునేవాళ్ళం.

అలాంటి మనిషి బండి ఒక వానాకాలంలో ప్రాణం మీదికి తెచ్చుకుంది. అది వదిలే పొగకి మండలంలో దోమలన్నీ మూటాముల్లె సర్దుకుని అడవులదీవి వైపు వలసపోయాయి. పెట్రోలు కన్నా ఆయిలు ఎక్కువ తాగేది. మెకానిక్కు చూసి, ఇంజను లోపల అరగాల్సినవన్నీ అరిగిపోయాయనీ, విప్పితే వారం తన షెడ్డులోనే ఉండాలనీ చెప్పాడు. ఆ మాటకి మా అక్క మంచినీళ్ళు తాగడానికి కూర్చుంది. వీధి చివర కొట్టువాడు కొత్తగా ఫ్రిజ్ పెట్టి పాలప్యాకెట్లు అమ్ముతున్నాడు. ఒకసారి ప్యాకెట్టు కత్తిరించడం అలవాటైన చెయ్యి మళ్ళీ గిన్నె పట్టుకోదని ఆమె బెంగ. వారం కాదు, ఒక్క పూట కూడా బండి ఆగకూడదు. వాడికలు పోతే ఆ ఇంట్లో గేదెలు తప్ప ఇంకేం మిగలవు.

అప్పుడు రంగంలోకి దిగింది నేను. పొన్నూరులో మాకు తెలిసినవాళ్ళ రైసుమిల్లులో అదే రకం బండి ఒకటి మూలన పడి ఉంది. ఒళ్ళంతా తుప్పు పట్టినా ఇంజను మాత్రం భేషుగ్గా ఉంది. దాన్నీ, దాని సైలెన్సరునీ ఊడదీయించి, గోతాంలో చుట్టి, బస్సులో తెనాలి తెచ్చుకుని, మర్నాడు రేపల్లె రైలెక్కించాను. కింద పెడితే అలుగుతుందేమోనని కిటికీ పక్క సీటిచ్చాను. ఎదురుగా కూర్చున్న పెద్దాయన మూటలో ఏంటని అడిగితే ఇంజనని చెప్పాను. ఆయన కాసేపు ఆలోచించి, ముందు ఒకటుంది కదయ్యా, అది చాలదా అన్నాడు.

బావ ఆ ఉదయం పాత ఇంజనుతోనే పాలు పోసి వచ్చాడు. బండి చల్లారగానే వాకిట్లో శస్త్రచికిత్స మొదలైంది. బావ విప్పుతాడు, నేను వ్యాఖ్యానం చేస్తాను. ఆయిలు దించాం. చైను తీశాం. కార్బురేటరు, క్లచ్చు కేబులు, వైర్లు ఒక్కొక్కటే విడదీశాం. ఏ బోల్టు ఎక్కడిదో తారుమారు కాకుండా అక్క ఇడ్లీ రేకులు తెచ్చి, గుంటకొకటి చొప్పున వరసగా పేర్చాను. నాకు తెలిసి ఆంధ్రదేశంలో ఇంత శాస్త్రీయంగా బోల్టులు సర్దినవాడు లేడు.

"ఒరేయ్, రేపు వాటిల్లో ఇడ్లీ వేస్తే నువ్వు తింటావా?" అంది అక్క.

తింటానన్నాను. తిన్నాను కూడా. అందులో కొంచెం గేరు ఆయిలు వాసన వచ్చిన మాట నిజమే.

ఇంజను దించేటప్పుడు కింద వంటింటి పీటలు పేర్చాం. పాతది వాటి మీదికి జారి, ముసలి ఏనుగు కూలబడ్డట్టు కూర్చుంది. కొత్తదాన్ని ఎత్తి బోల్టుల చిల్లులు కలిపేసరికి నా నడుము రెండుగా విడిపోయింది. దానికి బోల్టు దొరకలేదు. పొద్దు వాలేలోపు సైలెన్సరు కూడా బిగించేశాం. అక్క కొంగు తల మీదికి లాక్కుని, ట్యాంకు మీద చెయ్యి పెట్టి, ఇంజన్లో ఉన్న ప్రతి పళ్ళచక్రాన్నీ దేవుడికి విడివిడిగా అప్పజెప్పింది. బావ ఆమెన్ అన్నాడు. ఆ రోజుకి ఆయన మాట్లాడింది అదే.

కిక్కు కొట్టాడు. ఏమీ వినపడలేదు. మళ్ళీ కొట్టబోతుంటే నేనే ఆపాను. అప్పటికే అది నడుస్తోంది. పిల్లి అన్నం తిని కునుకు తీస్తుంటే ఎలా ఉంటుందో అలా ఉంది. పొగ లేదు, మోత లేదు. బావ మొహంలో నవ్వు కనిపించింది. అక్క దాన్ని చూసి కళ్ళు తుడుచుకుంది.

మర్నాడు ఆయన తిరిగి వచ్చేసరికి క్యాన్లలో సగానికి పైగా పాలు అలాగే ఉన్నాయి.

ఏమైందని అక్క అడిగితే తల అడ్డంగా ఊపాడు. అంతలో ఆమె ఫోను మోగింది. తర్వాత మళ్ళీ మోగింది. అన్నీ వాడికల ఇళ్ళ నుంచే. ఆయనకి ఒంట్లో బాగాలేదా, ఇవాళ రాలేదేంటండీ, పిల్లలకి ప్యాకెట్టు తెప్పించాం అని. నిజానికి ఆయన ప్రతి గేటు ముందూ ఆగాడు, నిలబడ్డాడు, చూశాడు, కదిలాడు. ఇన్నేళ్ళూ ఆ ఇళ్ళని నిద్రలేపింది పాత ఇంజను దడదడ మోత. హారన్ కొట్టొచ్చుగా అన్నాను. ఆ వేళకి హారన్ కొట్టనిదెవరు, ప్యాకెట్ల వ్యానూ, కూరగాయల ఆటోలూ అన్నీ కొడతాయి, దాన్ని విని ఎవరు లేస్తారని అక్క అంది. మిగిలిన పాలు తోడు పెడుతూ, రేపు కూడా ఇలాగే అయితే ఎల్లుండి ఫోన్లు కూడా రావురా అంది.

పాత ఇంజను మళ్ళీ ఎక్కిద్దామంటే అది పీటల మీద నుంచి లేచే స్థితిలో లేదు. దాని బదులు నేను వెనక కూర్చుని అరుస్తానన్నాను. నా గొంతు సంగతి తెలిసినవాళ్ళెవరూ దీనికి అభ్యంతరం చెప్పలేరు. బావ చెప్పబోయాడు గానీ, మాట బయటికి వచ్చేలోపు నేను ఎక్కేశాను.

మర్నాడు వెలుగు రాకముందే మొదటి వీధిలోకి వెళ్ళాం. "పాలండీ... పాలు..." అని ఎత్తుకున్నాను. ఆ కేకకి కొబ్బరిచెట్టు మీది కాకులు మొత్తం లేచి కృష్ణ దాటాయి. కుక్కలు మొరిగాయి. గేట్లు మాత్రం తెరుచుకోలేదు. మొదటి ఇంటి కిటికీ కొంచెం కదిలి, లోపలి నుంచి ఒక ముసలావిడ గొంతు వినపడింది.

"వద్దు బాబూ. మాకు మా పాలాయన ఉన్నాడు. నిన్న ఏదో రాలేదు గానీ, ఇవాళ వస్తాడు."

పక్కింటి నుంచి కూడా అదే జవాబు. ఎదురింటావిడైతే, ఆయన రాలేదని తెలిసి అప్పుడే దిగావా అని నన్ను కాస్త గట్టిగానే అడిగింది.

నేను నోరు మూసుకున్నాను. నా జీవితంలో అలాంటి సందర్భాలు తక్కువ. బావ హ్యాండిల్ పట్టుకుని ఆ కిటికీ వైపే చూస్తున్నాడు. బండి ఆయన కింద చప్పుడు లేకుండా నడుస్తోంది. ఆయన గొంతు సవరించుకున్నాడు.

"నేనేనండీ," అన్నాడు. అది నాకే సరిగా వినపడలేదు. ఊపిరి పీల్చుకుని మళ్ళీ అన్నాడు. "నేనేనండీ. నేనే వచ్చాను."

లైటు వెలిగింది. ముసలావిడ గిన్నె తీసుకుని వచ్చింది. ఇన్నేళ్ళలో ఆయన గొంతు వినడం ఇదే మొదలని ఆవిడే అంది. ఎదురింటావిడ కూడా వచ్చి, ఒంట్లో ఎలా ఉంది నాయనా అని అడిగింది. బావ బాగానే ఉందండి అన్నాడు. ఆ వీధికి అది మూడో మాటో నాలుగో మాటో అయ్యుంటుంది.

పాలు పోసి, మూత పెట్టి, నా వైపు తిరిగాడు.

"నువ్వు దిగరా. టీ తాగి ఇంటికెళ్ళు."

దిగాను. ఆయన రెండో వీధి మలుపు తిరిగాడు. బండి చప్పుడు వినపడలేదు. కాసేపటికి మలుపు అవతల నుంచి ఆయన గొంతు వినపడింది, కొంచెం సిగ్గుగా, మొదటిసారి కన్నా కాస్త గట్టిగా.