ఆగడం తెలియని ఇంజిను

ఆ రోజుల్లో మా ఇంట్లో దేవుడి కంటే ఇంజిన్ల గురించే ఎక్కువ మాట్లాడుకునేవాళ్ళం. రాయ్‌పూర్ రైల్వే కాలనీలో మాలాంటి శ్రీకాకుళం కుటుంబాలు బోలెడు. ఏ ఇంట్లో చూసినా ఒక ఫిట్టరో, ఒక గార్డో ఉండేవాడు. మా ఇంటికి మాత్రం ఏకంగా డీజిల్ పెద్దనాన్న ఉండేవారు. లోకో షెడ్డులో డీజిలింజిన్లకు వైద్యం చేసి చేసి రిటైరైన మనిషి. పెళ్ళిచూపుల్లో పెళ్ళికొడుకు దగ్గితే "లోపల నాజిలు బాగు సేయించుకోవాల బాబూ" అని పైకే అనేసేవారు. అలాంటి ఇంట్లో పుట్టి నేను బి.కాం. చదివాను. (ఆయన నన్ను ఎంతో ప్రేమించారు గానీ, ఈ ఒక్క విషయాన్ని చివరిదాకా క్షమించలేదు.)

ఆ బి.కాం. పుణ్యాన భన్‌పురిలో ఇనుప కమ్మీలు చేసే ఒక చిన్న మిల్లులో స్టోర్స్ గుమాస్తాగా చేరాను. చేరానంటే, ఆరు నెలల ట్రయలు మీద. గడువు తీరాక మిల్లు యజమాని సేఠ్‌జీ తల ఊపితే పర్మనెంటు, ఊపకపోతే మళ్ళీ పెద్దనాన్న పక్కన కూర్చుని ఇంజిన్ల కథలు వినడమే. నేను పర్మనెంటు అయిపోయానని అమ్మ అప్పటికే కాలనీలో సగంమందికి చెప్పేసింది. మిగతా సగానికి పెద్దనాన్న చెప్పేశారు. ఇక కాకుండా ఉండే వీలు నాకు లేదు. ఇంకో పదిహేను రోజులు ఉందనగా సేఠ్‌జీ పిలిచారు. శంకర్ నగర్‌లో ఉన్న మిల్లు గెస్ట్‌హౌస్ ముందు పెద్ద లాను, దాని గడ్డి కోసే మిషనుకి ఇంజిను పోయింది. విశ్వకర్మ పూజ మర్నాడు బయటి ఊరి నుంచి ఇద్దరు పెద్ద కొనుగోలుదార్లు వస్తున్నారు, వాళ్ళకి ఆ లాన్లోనే టీ. "ఐసా ఇంజిన్ లానా, జో బీచ్ మే ధోఖా న దే" అన్నారు. మధ్యలో దగా చెయ్యని ఇంజిను కావాలన్నమాట. ఇదే నీ పరీక్ష అనుకో అని కూడా అన్నారు.

నేనొక్కణ్ణే వెళ్ళి ఉంటే పది నిమిషాల్లో పనయ్యేది. ఆ మిషనుకు సరిగ్గా సరిపోయే చిన్న పెట్రోలింజిను భన్‌పురి రోడ్డు మీది దుకాణంలోనే ఎర్రగా మెరుస్తూ కూర్చుని ఉంది. కానీ ఇంట్లో అంత పెద్దమనిషి ఉండగా ఆయన్ని అడక్కుండా ఇంజిను కొనడమా? పెద్దనాన్న ఇస్త్రీ చొక్కా వేసుకుని, జేబులో పొడుగాటి స్క్రూడ్రైవరు పెట్టుకుని పెళ్ళికి వచ్చినట్టు వచ్చారు. దుకాణదారు ఎర్ర ఇంజిను తాడు ఒక్కసారి లాగితే చాలు, అందుకుంది. పెద్దనాన్న స్క్రూడ్రైవరు కొస దాని మీద, పిడి తన చెవికి ఆనించి కళ్ళు మూసుకున్నారు. (చిన్నప్పుడు నాకు జ్వరమొస్తే దాన్నే నా వీపు మీద పెట్టి విన్నారు. టైమింగు తేడా అని చెప్పారు.) కళ్ళు తెరిచి పెదవి విరిచారు.

"పెట్రోలింజిను కొత్తల్లుడురా. అడుగడుక్కీ మర్యాదలు సేయాల. డీజిలంటే ఇంటికి పెద్దకొడుకు. ఏటి పెడితే అది తిని పన్జేస్తాది. భరోసా అంటే అదీ!"

"పెద్దనాన్నా, ఇది గడ్డి కోసే మిషనుకి."

"అయితే ఏటి? గడ్డి తక్కువదా?"

దుకాణం వెనకాల, ఏదో పొలంలో నీళ్ళ పంపుకి ఏళ్ళ తరబడి సేవ చేసి వచ్చిన నల్లటి డీజిలింజిను ఒకటి పడి ఉంది. హ్యాండిలు వేసి తిప్పితే వీధంతా అదిరింది. పెద్దనాన్న దాని మీద నిండు గ్లాసు చాయ్ పెట్టించారు. గ్లాసు నడుచుకుంటూ వెళ్ళి కిందపడి పగిలింది. "సూశావా, ఎంత బలమో!" అన్నారు. (అంతకుముందు పెట్రోలింజిను మీద పెట్టిన గ్లాసు కదలనే లేదు. దాన్ని చూసి "ప్రాణం లేదు దీనికి" అన్నారు.) నాకు ఇంజిన్ల సంగతి తెలియకపోయినా బరువుల సంగతి తెలుసు. నలుగురు కలిసి దాన్ని టెంపోలోకి ఎక్కిస్తుంటే, ఇది లాను మీద ఎలా నడుస్తుందా అని ఒక అనుమానం వచ్చింది. కానీ పెద్దనాన్న ముఖంలో వెలుగు చూసి నోరు మూసుకున్నాను. రిటైరయ్యాక ఆయన చేతికి ఒక డీజిలింజిను రావడం అదే మొదటిసారి.

మా క్వార్టరు వరండాలోనే రెండు రోజులు కూర్చుని ఆయన దాన్ని మిషనుకి బిగించారు. మిషనుకి అప్పటికే ఉన్న క్లచ్చుని పీకి పక్కన పెట్టారు. "ఇంజినుకీ సక్రానికీ మధ్యన ఈ దలాల్ గాడెందుకు?" అన్నది ఆయన వాదన. అంటే ఇంజిను తిరుగుతున్నంతసేపూ మిషను నడుస్తూనే ఉంటుంది. ఆపాలంటే ఇంజిను పక్కనున్న చిన్న ఇనుప మీటని కిందికి నొక్కాలి, అదొక్కటే దారి. మర్నాడు విశ్వకర్మ పూజ. ఆ రోజు మా ఊళ్ళో ఏ మిషనునీ నడపరు. కడిగి, బొట్టుపెట్టి, పూజించి విశ్రాంతి ఇస్తారు. అమ్మ ఇంజినుకు పసుపు రాసి, కుంకుమ పెట్టి, కొబ్బరికాయ కొట్టి, పూజల్లో చేతికి కట్టే ఎర్రదారం, అదే మౌలీ, తీసింది. కట్టడానికి మణికట్టు కోసం వెతికింది. ఆ నల్లటి దుంగలాంటి దానికి చెయ్యిలా బయటికి పొడుచుకొచ్చింది ఆ మీట ఒక్కటే. దాన్ని పక్కనున్న పైపుతో కలిపి ఏడు చుట్లు చుట్టి ముడి మీద ముడి వేసింది. "దానంతట అదే తెగాల. కత్తెర తగిలిందంటే నీ ఉద్యోగం కూడా అలాగే పోతాది, జాగర్త," అంది. పెద్దనాన్న చేతులు జోడించి కళ్ళు తుడుచుకున్నారు. నేనూ దణ్ణం పెట్టాను. ముగ్గురిలో ఒక్కరికీ ఏమీ తట్టలేదు.

మర్నాడు గెస్ట్‌హౌస్ దగ్గర పెద్దనాన్న ఖాళీ కడుపుతో పని చేయించకూడదంటూ ట్యాంకు నిండా డీజిలు పోసి, గేటు దగ్గర కుర్చీ వేసుకుని కూర్చున్నారు. అతిథులు అనుకున్నదానికంటే ముందే వచ్చేశారు. లాను మధ్యలో టేబులు, తెల్లటి గుడ్డ, టీ కెటిలు, సమోసాలు. ఇంజిను ఒక్క తిప్పుకే అందుకుంది. వాన తడి ఆరని గడ్డి మీద మిషను కొత్త పెళ్ళికూతురిలా అడుగు వెయ్యడానికి మొహమాటపడుతుందనుకున్నాను గానీ అది నన్ను ఈడ్చుకుని బయల్దేరింది. వెనకాల రెండు కాలవలు పడ్డాయి. అంచుకి చేరి ఆపుదామని మీట నొక్కాను. కదల్లేదు. మళ్ళీ నొక్కాను. ఎర్రదారం గట్టిగా నవ్వుకుంటున్నట్టు అనిపించింది. చేసేదేమీ లేక పిడిని ఒక పక్కకి తోసి మలుపు తిప్పాను. గెస్ట్‌హౌస్ తోటపని చూసే మాలీ కాకా పరిగెత్తుకొచ్చి "కా హోగే బాబూ?" అని ఏమైందో అడిగాడు. దారం కత్తిరించమని అరిచాను. అతను కత్తెర వెనక దాచుకుని "పూజా కే ధాగా హే బాబూ, మంయ్ నయ్ కాటంవ్!" అని, పూజ దారం తను కొయ్యనంటూ తప్పుకున్నాడు. నిజం చెప్పొద్దూ, అతను కత్తెర ఇచ్చినా నాకూ చెయ్యి వచ్చేది కాదు.

ఇక నేను లాను చుట్టూ తిరుగుతూనే ఉన్నాను. టేబులు పక్కనుంచి వెళ్ళిన ప్రతిసారీ సేఠ్‌జీ ఒక ప్రశ్న వేసేవారు. నేను జవాబు చెప్పేలోపు మిషను నన్ను లాక్కుపోయేది. అందుకని ఒక చుట్టు ప్రశ్నకి మరో చుట్టులో జవాబు చెప్పాల్సి వచ్చేది, ఆలోగా ఆయన ఇంకోటి అడిగేసేవారు. "ఈ ఇంజిను ఏరింది ఎవరు?" అని అడిగారు. తర్వాతి చుట్టులో "ఇది ఆగేదెప్పుడు?" అని ఆయన అరుస్తుండగా నేను "మా పెద్దనాన్న!" అన్నాను. ఆ తర్వాత "ఆ దారం కట్టిందెవరు?" అంటే "డీజిలు అయిపోయాక!" అన్నాను. చివరికి "అరే, నీకు బుద్ధి వచ్చేదెప్పుడు?" అన్నప్పుడు "మా అమ్మ!" అన్నాను. అతిథుల్లో ఒకాయన టీ మింగలేక కుర్చీలోంచి జారిపోయాడు. "బంద్ కరో!" అని, ఆపమంటూ సేఠ్‌జీ గేటు వైపు చూసి అరిస్తే, పెద్దనాన్న లేచి నిలబడి, ఛాతీ విరుచుకుని, "సాబ్, యే బంద్ నహీ హోతా!" అన్నారు, ఇది ఆగే రకం కాదని. ఆ గొంతులో ఉన్న గర్వం నేను పరీక్ష పాసైనప్పుడు కూడా వినలేదు.

చుట్లు చిన్నవవుతూ మిషను టేబులు దగ్గరికి రావడంతో పెద్దమనుషులు తలో కుర్చీ పట్టుకుని వరండాలోకి తరలిపోయారు. నేను కోసిన చోటే మళ్ళీ కోశాను. గడ్డి అయిపోయి మట్టి వచ్చింది. బంతిమొక్కల వరస ఒకటి పోయింది. చేతులు బొబ్బలెక్కాయి, కళ్ళ నీళ్ళు తిరిగాయి. ఆ మిషనుతోపాటు నా ఉద్యోగం కూడా నా కళ్ళముందే వెళ్ళిపోతోందని తెలుస్తూనే ఉంది. అయినా పిడి వదిలితే అది తిన్నగా వరండా ఎక్కుతుందన్న భయంతో వదల్లేదు. సేఠ్‌జీ వరండా దిగి వచ్చి, నా పక్కనే నడుస్తూ ఒక టీ కప్పు నా నోటికి అందించారు. ఎందుకిచ్చారో అప్పుడు అర్థం కాలేదు. పొద్దువాలుతుండగా ఇంజిను రెండుసార్లు దగ్గి ఆగిపోయింది. ఆ నిశ్శబ్దంలో సేఠ్‌జీ నన్నూ, మిషన్నీ ఎగాదిగా చూసి, "ఇంజిన్ వాపస్ కర్ దో. ఆద్మీ రఖ్ లో," అన్నారు. ఇంజిను వాపసు, మనిషి ఉండిపోవచ్చు. వదలకుండా పట్టుకున్నాడు కదా అన్నారట అతిథులతో.

టెంపోలో ఇంటికి వస్తూ పెద్దనాన్న ఇంజిను మీద చెయ్యి వేసుకుని కూర్చున్నారు. దాన్ని తిరిగి ఇచ్చెయ్యాలన్న దిగులు ఆయనది. ఉండబట్టలేక, "దీన్ని ఆపే దారే లేదా పెద్దనాన్నా?" అన్నాను.

"ఎందుకు లేదు? గాలి లాగే మూతికి తువ్వాలు అడ్డం పెడితే సిటికెలో సచ్చూరుకుంటాది."

"మరి ఇంతసేపూ తువ్వాలు భుజం మీదే ఉంది కదా!"

ఆయన నన్ను బి.కాం. వాణ్ణి చూసినట్టే చూశారు. "మధ్యలో ఆగని ఇంజిను కావాలన్నాడు సేఠు. ఆపేస్తే నీ ఉద్యోగం ఏటయిపోను?"

పెద్దనాన్న పోయి చాలా ఏళ్ళయింది. ఆయన స్క్రూడ్రైవరు నా దగ్గరే ఉంది. ఇప్పుడు మందిర్ హసౌద్‌లో మాకో చిన్న ఇల్లు, ఇంటి ముందు దుప్పటంత గడ్డి ఉన్నాయి. మొన్న విశ్వకర్మ పూజకి ముందు కరెంటుతో నడిచే చిన్న గడ్డి మిషను కొన్నాను. బటను నొక్కితే నడిచింది, నొక్కితే ఆగింది. స్క్రూడ్రైవరు పెట్టి విన్నాను. ఏమీ వినపడలేదు గానీ, ఆయనలాగే పెదవి విరిచాను. పూజనాడు అమ్మ ఎర్రదారం తెచ్చింది. ఆవిడకి కళ్ళు ఇప్పుడు సరిగ్గా కనపడవు. చేత్తో తడుముకుంటూ తిన్నగా బటను దగ్గరికే వెళ్ళింది. నేను ఆవిడ చెయ్యి పట్టుకుని పిడి మీదికి జరిపాను. "ఇక్కడ కట్టమ్మా. అక్కడ కడితే ఆగదు."

అమ్మ ఒక్క క్షణం ఆలోచించి, "అక్కడ కట్టబట్టే కదరా నీకు ఉద్యోగమొచ్చింది," అంది. నేను ఆవిడ చెయ్యి వదిలేశాను.