బాణం గుర్తు బొమ్మలు

నూలు మిల్లు దుమ్ముకు ఊపిరితిత్తులు పాడైన కార్మికుల మాటలన్నీ టైపక్క తన లాప్‌టాప్‌లో రికార్డు చేసింది. ఒకప్పుడు అదే మిల్లులో టైపిస్టు కాబట్టి ఆమెకు ఆ పేరు. రేపే లేబర్ కోర్టులో వినిపించాలి. ఏ ఫైలు తెరిచినా లాప్‌టాప్ బిగుసుకుపోతుంటే, ర్యామ్ పెంచి విండోస్ మళ్ళీ ఎక్కించమని రిపేరు షాపుకిచ్చింది.

“మొత్తం తుడిచేస్తానక్కా. కావలసినవి దాచుకున్నావా?” అని షాపతను ముందే అడిగాడు.

“తెర మీదున్నవన్నీ పెన్‌డ్రైవ్‌లో వేశాను. ఇన్నేళ్ళు టైపు కొట్టినదాన్ని, ఆ మాత్రం తెలీదా?”

ఇప్పుడు లాప్‌టాప్ పరుగెడుతోంది. పెన్‌డ్రైవ్‌లో ఉన్నది మాత్రం ఒక్కటీ తెరుచుకోవడం లేదు.

“బొమ్మ మూలన చిన్న బాణం చూడక్కా. ఇవి ఫైలు ఎక్కడుందో చూపే షార్ట్‌కట్‌లు. అసలువి డిస్కులో ఉండేవి. తుడిచేశాను కదా, ఇక రావు.”

ఆ గొంతుల్లో ఒకటి మొన్ననే పోయిన టైపక్క అన్నయ్యది. పొగతాగి చచ్చాడని మిల్లు యజమాని కోర్టుకు రాసిచ్చాడు. కాదనడానికి ఆ గొంతే ఆధారం.

ఆమె నేరుగా వదిన దగ్గరికి వెళ్ళింది.

“అన్న చెప్పిందంతా పోగొట్టాను వదినా. రేపు కోర్టులో నువ్వే చెప్పాలి.”

“మాటలు చెప్తాను. ఆ దగ్గు ఎక్కడ తెచ్చేది?” అంది వదిన.