కాలేజీ బస్సులో ధర్నాకి

నాకు ఉద్యోగం వచ్చిందని తెలిసేసరికి మా అమ్మ ఎండుచేపలు తిరగేస్తోంది. నాగాయలంక దాటి ఇంకా కిందికి, తారురోడ్డు అయిపోయి ఉప్పునేల మొదలయ్యే చోట మా ఊరు. ఫోన్లో సిగ్నల్ అందాలంటే ఏటిగట్టు ఎక్కాలి. గట్టు మీద నిలబడి మెయిలు చదువుకుని, దిగి వచ్చి, హైదరాబాదులో ఉద్యోగం వచ్చిందని చెప్పాను. అమ్మ చేతులు కడుక్కోకుండానే ఎంత ఇస్తారని అడిగింది. చెప్పాను. ఏడాదికా, నెలకా అంది. నెలకే అన్నాక లేచి చేతులు కడుక్కుంది.

మెయిలు చివర ఒక చిన్న మాట ఉంది. చేరే రోజున ఒరిజినల్ సర్టిఫికెట్లు తీసుకురావాలట. అవి నా దగ్గర లేవు. గుడివాడ దగ్గర నేను ఇంజనీరింగ్ చదివిన కాలేజీలో, ఆఫీసు గదిలో, ఇనప బీరువాలో ఉన్నాయి. చివరి ఏడాది ఫీజు అందలేదని కాలేజీ వాటిని అట్టే పెట్టుకుంది.

మా ఫీజు కట్టేది ప్రభుత్వం. అయితే ఆ రోజుల్లో నేరుగా కాలేజీకి కట్టేది కాదు. తల్లి ఖాతాలో వేస్తే, తల్లి తీసుకెళ్లి కాలేజీలో కట్టాలి. చివరి ఏడాది డబ్బు ప్రభుత్వం అసలు వెయ్యనే లేదని మా బ్యాచి అంతా నమ్మేవాళ్లం. డబ్బు కడితే సర్టిఫికెట్లు ఇస్తామని ఆఫీసులో అన్నారు. సర్టిఫికెట్లు ఇస్తే జీతం వస్తుంది, జీతం వస్తే డబ్బు కడతానని నేనన్నాను. కౌంటర్లో ఉన్నాయన నా మాట ఓపిగ్గా విని, నువ్వు చెప్పింది న్యాయంగానే ఉందమ్మా, కానీ కంప్యూటర్లో అలాంటి ఆప్షన్ లేదన్నాడు.

నాలాంటివాళ్లు మా బ్యాచిలో చాలామందే ఉన్నారు. వాట్సాప్ గ్రూపులో కొన్నాళ్లు ఏడ్చుకున్నాక, వెళ్లి కాలేజీ గేటు ముందు కూర్చుందామన్నాడు మా క్లాస్‌మేట్ ఒకడు. మొవ్వ అనే ఊరి అబ్బాయి, రైతుబిడ్డ. వాళ్ల నాన్న అరెకరం అమ్మి ఫీజు మొత్తం కట్టేశాడు కాబట్టి వాడి సర్టిఫికెట్లు వాడి దగ్గరే ఉన్నాయి. మరి నీకెందుకురా ధర్నా అని అడిగాను.

"నీకు సర్టిఫికెట్ లేక ఉద్యోగం లేదు. నాకు ఉండీ లేదు," అన్నాడు. "ఇంట్లో కూర్చునే బదులు గేటు ముందు కూర్చుంటా. కనీసం మా నాన్న మొహం కనపడదు."

అలా ఒక సోమవారం పొద్దున్నే గేటు ముందు చేరాం. అందరికంటే గట్టిగా నినాదాలు ఇచ్చింది సర్టిఫికెట్లున్న వాడే. మేం మాత్రం కొంచెం తగ్గి అరిచాం. బీరువా తాళాలు లోపలివాళ్ల దగ్గరున్నాయి కదా.

మధ్యాహ్నానికి ప్రిన్సిపాల్ గారు మమ్మల్ని పంపించెయ్యమని మా లెక్చరర్ గారిని పంపారు. మాకు రెండేళ్లు పాఠం చెప్పినాయన, మెత్తటి మనిషి. క్లాసులకి ఇబ్బందిగా ఉందనీ, కాలేజీ పరువు పోతోందనీ ప్రిన్సిపాల్ గారు చెప్పమన్న మాటలన్నీ పాఠం ఒప్పజెప్పినట్టు చెప్పారు. చెప్పి, వెనక్కి వెళ్లకుండా కాసేపు నిలబడ్డారు. తర్వాత చెప్పులు విడిచి, కొంచెం జరగమ్మా అని నా పక్కన కూర్చున్నారు. నెలల తరబడి వాళ్లకి జీతాలు లేవని అప్పుడు చెప్పారు. అడిగితే, పిల్లల ఫీజులు వస్తే ఇస్తామంటున్నారట. సాయంత్రానికి ఆయన్ని వెతుక్కుంటూ వచ్చిన ఇంకో ముగ్గురు లెక్చరర్లు కూడా కూర్చున్నారు. లోపల క్లాసులు ఎలాగూ జరగడం లేదు కాబట్టి, క్లాసులకి ఇబ్బంది అనే ఫిర్యాదు దానంతటదే తీరిపోయింది.

మర్నాడు కరస్పాండెంట్ గారు వచ్చారు. కాలేజీ ఆయనదే. రైస్ మిల్లులూ ఆయనవే. తెల్లచొక్కా నలగకుండా కారు దిగి, మా మధ్యకి వచ్చి, వాచ్‌మన్ తెచ్చిన కుర్చీ వద్దని నిలబడే మాట్లాడారు. మేం తిడతారనుకున్నాం. ఆయన తిట్టలేదు. మమ్మల్ని చూస్తే తన కడుపు తరుక్కుపోతోందన్నారు. ఆ కడుపు వంక మొవ్వ అబ్బాయి కాస్త ఎక్కువసేపే చూశాడు.

"మీ డబ్బు నా దగ్గర లేదమ్మా," అన్నారాయన నన్ను చూసి. "నా డబ్బు మీ దగ్గర లేదు. ఇద్దరి డబ్బూ బందర్లో ఉంది. అడిగేదేదో వెళ్లి అక్కడే అడుగుదాం. బస్సు నేను పెడతాను."

బందరంటే మచిలీపట్నం, మా జిల్లా కలెక్టరేటు ఉన్న ఊరు. కాలేజీ మీద ధర్నాకి వచ్చిన మేం, మర్నాడు పొద్దున్న కాలేజీ బస్సులోనే ధర్నాకి బయల్దేరాం. లెక్చరర్లు ముందు సీట్లలో, మేం వెనక సీట్లలో, అచ్చం టూరుకి వెళ్తున్నట్టు. మనిషికో పులిహోర పొట్లం ఇచ్చారు. ఫ్లెక్సీ కూడా కాలేజీయే వేయించింది. దాని మీద విద్యార్థులకు న్యాయం చేయాలని పెద్ద అక్షరాలతో ఉంది. కింద కాలేజీ పేరు, అడ్మిషన్లు జరుగుచున్నవి అనే మాట, ఒక ఫోన్ నంబరు. నినాదం కూడా మారిపోయింది. సర్టిఫికెట్లు ఇవ్వాలి అని కాకుండా, నిధులు విడుదల చేయాలి అని అరవమన్నారు. పెడన దాటేదాకా సాధన చేశాం. మొవ్వ అబ్బాయికి పాత నినాదమే నోటికి వచ్చేది. వచ్చినప్పుడల్లా ముందు సీట్లోంచి కాలేజీ మేనేజరు వెనక్కి తిరిగి చూసేవాడు.

కలెక్టరేటు దగ్గర టెంటు ఒకటే ఉంది. మాకంటే ముందు ఎవరో కాంట్రాక్టు ఉద్యోగులు కూర్చున్నారు, వాళ్లు లేచేదాకా ఎండలో నిలబడాలి. మమ్మల్ని వరసలో నిలబెట్టిన కానిస్టేబులు మా వయసువాడే. మీదే బ్రాంచి అని నన్నడిగాడు. ఈసీఈ అన్నాను. నాది మెకానికల్ అన్నాడు. కాసేపటికి తన నీళ్ల సీసా ఇచ్చి వెళ్లాడు.

పదకొండు గంటలకి లోపల్నుంచి పిలుపొచ్చింది. కరస్పాండెంట్ గారు, లెక్చరర్ గారు, మొవ్వ అబ్బాయి, నేను వెళ్లాం. ఫీజుల వ్యవహారం చూసే ఆఫీసర్ గారు మర్యాదస్తుడు. కరస్పాండెంట్ గారు బల్ల మీద పెట్టిన బందరు లడ్డూల డబ్బాని పక్కకి జరిపి, మమ్మల్ని కూర్చోమన్నారు. మీలో ఎవరు మాట్లాడతారని అడిగారు. అందరూ నన్ను చూశారు. నేను చెప్పుకొచ్చాను. ప్రభుత్వం డబ్బు వెయ్యలేదు, కాలేజీ సర్టిఫికెట్లు ఇవ్వలేదు, ఉద్యోగంలో చేరే తేదీ దగ్గర పడింది. బాగానే చెప్పానని నాకే అనిపించింది.

ఆయన నా పేరూ, హాల్ టికెట్ నంబరూ అడిగి కంప్యూటర్లో చూశారు. ఒక విడత రావాల్సిన మాట నిజమే, మిగతాదంతా ఎప్పుడో వేశామమ్మా అన్నారు. నేను కాదన్నాను. అయితే మీ అమ్మగారినే అడుగుదాం, నంబరు చెప్పమన్నారు. అమ్మ ఆ టైముకి గట్టు మీద ఉండాలి, వ్యాపారులు వచ్చే వేళ. ఫోను స్పీకర్లో పెట్టారు. రెండో రింగుకే ఎత్తింది.

"అమ్మా, మీ అమ్మాయి ఫీజు డబ్బులు మీ ఖాతాలో పడ్డాయా?" అని అడిగారు ఆఫీసర్ గారు.

"పడ్డాయండి," అంది అమ్మ.

గదిలో అందరూ నా వైపు చూశారు. కరస్పాండెంట్ గారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు.

"మరి కాలేజీలో కట్టలేదా అమ్మా?"

"నేనెక్కడ కడతానండీ, పడ్డరోజే బ్యాంకోళ్లు కోసేసుకున్నారు. డ్వాక్రాలో తీసిన అప్పు ఉంది కదండి, దానికి."

"ఆ అప్పు దేనికి తీశారు?"

"ఈ పిల్ల చదువుకేనండి. మొదటేడు హాస్టలుకి కట్టాలంటే తీశాను. చదువు డబ్బులు చదువప్పుకే పోయినియ్యి కదా, చెల్లుకి చెల్లనుకున్నాను. ఏవండీ, ఏదన్నా తప్పయిందా?"

తప్పేం లేదమ్మా అని ఆయన ఫోను పెట్టేశారు. ఆయన మనసులో లెక్క వేసుకుంటున్నట్టు బల్ల వంక చూసి, చివరికి అందరి పనీ సక్రమంగానే జరిగిందన్నారు. ప్రభుత్వం వేసింది. బ్యాంకు తనకి రావాల్సింది తీసుకుంది. కాలేజీ రాని డబ్బు అడుగుతోంది. తల్లి చదువుకి చేసిన అప్పు చదువు డబ్బుతోనే తీరింది. ఇందులో ఎవరి మీద చర్య తీసుకోవాలో తనకి తోచడం లేదన్నారు.

"సార్, అప్పుకి కట్టారు, సరే. మరి చదువుకి ఎవరు కట్టాలి?" అని అడిగాడు మొవ్వ అబ్బాయి.

ఆఫీసర్ గారు ఆ ప్రశ్నని కాగితం మీద రాసుకున్నారు. మా ధర్నాకి దక్కిన ఫలితం అదే. లేచేటప్పుడు మాత్రం, పిల్లల సర్టిఫికెట్లు మానవతా దృక్పథంతో ఇచ్చెయ్యండని కరస్పాండెంట్ గారికి చెప్పారు. తప్పకుండా సార్ అన్నారాయన.

తిరుగు ప్రయాణంలో బస్సులో నాతో ఎవరూ పెద్దగా మాట్లాడలేదు. వాళ్ల తల్లుల ఖాతాల్లో ఏం జరిగిందో అని అందరూ ఇళ్లకి ఫోన్లు చేసుకుంటున్నారు. చాలామందికి అదే జవాబు వచ్చిందని వాళ్ల మొహాలు చూస్తే తెలిసింది. నాకు అమ్మ మీద చచ్చేంత కోపం వచ్చింది. ఆ కోపాన్ని ఇంటిదాకా మోసుకెళ్లాలంటే పామర్రులో ఒక బస్సు, అవనిగడ్డలో ఒక బస్సు, నాగాయలంకలో ఆటో మారాలి. ఆటో దిగేసరికి సగం పోయింది. మిగతా సగం అమ్మని చూశాక పోయింది. కలెక్టరేటు నుంచి ఆఫీసరు ఫోన్ చేసి, అమ్మా అమ్మా అని ఎంత మర్యాదగా మాట్లాడాడో వీధంతా చెప్పుకుని వచ్చి కూర్చుంది. ఆ మాటలకి అర్థం ఏమిటో నేను విడమర్చి చెప్పాను. అమ్మ విని, అయితే నీ ఉద్యోగం నేనే పోగొట్టానా అని అడిగింది. కాదన్నాను. ఎవరు పోగొట్టారని అడిగింది. ఆఫీసరుకే తోచలేదు, నాకేం తెలుస్తుందన్నాను. ఇద్దరం నవ్వలేదు గానీ, ఆ పూట అన్నం మాత్రం తిన్నాం.

సర్టిఫికెట్లు ఇవ్వకపోలేదు. మానవతా దృక్పథానికి కూడా ఒక కాగితం ఉండాలి కదమ్మా అన్నారు కరస్పాండెంట్ గారు. స్టాంపు పేపరు మీద బాకీ అంతా జీతంలోంచి కడతానని రాసిచ్చాను. బాకీ వివరాల్లో ఇతర ఖర్చులని ఒక పద్దు కనిపించింది. ఇదేమిటని అడిగితే, ధర్నాకి వెళ్లిన రోజు బస్సు డీజిల్ అని కౌంటర్లో చెప్పారు. పులిహోర మాత్రం కాలేజీ ఖర్చులోనే వేసుకున్నారట. ఇవన్నీ పూర్తయి సర్టిఫికెట్లు చేతికి వచ్చేసరికి హైదరాబాదు తేదీ దాటిపోయింది. ఆ కంపెనీవాళ్లు నా భవిష్యత్తు ఉజ్వలంగా ఉండాలని కోరుకుంటూ మెయిలు పెట్టారు.

భవిష్యత్తు వారం తిరక్కుండానే ఫోన్ చేసింది. ఆఫీసర్ గారి దగ్గర నేను మాట్లాడిన తీరు కరస్పాండెంట్ గారికి నచ్చిందట. వేసవి సెలవుల్లో దివిసీమ ఊళ్లు తిరిగి, ఇంటరు పాసైన పిల్లల తల్లిదండ్రులకి నచ్చజెప్పి కాలేజీలో చేర్పించాలి. చేర్పించిన పిల్లకింత అని ఇస్తారు, అది నా బాకీలో తగ్గించుకుంటారు. మొవ్వ అబ్బాయికి కూడా ఇదే చెప్పారు. వాడు వద్దని, కానిస్టేబులు పరీక్షకి చదువుకోవడం మొదలుపెట్టాడు. మళ్లీ ధర్నా చేస్తే నిన్ను వరసలో నిలబెట్టేది నేనే అన్నాడు. నేను ఒప్పుకున్నాను. బాకీ నాది కదా.

కోడూరు దగ్గర ఒకావిడ ఇంటికి వెళ్లాను. భర్త లేడు, రొయ్యల షెడ్డులో పనికి వెళ్తుంది, కూతురికి మంచి మార్కులొచ్చాయి. కాలేజీవాళ్లు చెప్పమన్నవన్నీ చెప్పాను. ల్యాబులు, హాస్టలు, ప్లేస్‌మెంట్లు. ఆవిడ అన్నీ విని ఒక్కటే అడిగింది.

"చదువైపోయాక సర్టిఫికెట్లు ఇస్తారామ్మా?"

ఎవరో చెప్పినట్టున్నారు. డబ్బంతా ముడితే ఇస్తారని చెప్పాను. వేరే కాలేజీల్లోనో అని అడిగింది. అక్కడా అంతే అన్నాను. అయితే దీంట్లోనే చేరుద్దాం, నువ్వన్నా నిజం చెప్పావు అంది. నాకు సంతోషించాలో వద్దో తెలియలేదు. లేచి వస్తూ గుమ్మం దగ్గర ఆగి, మీకు అప్పున్న బ్యాంకులో కాకుండా వేరే బ్యాంకులో ఖాతా తెరిచి ఆ నంబరే ఇవ్వండని చెప్పాను. ఎందుకో కూడా చెప్పాను. ఆవిడ మర్నాడే అవనిగడ్డ వెళ్లి ఖాతా తెరిచి, పాస్‌బుక్కు ఫొటో పంపింది.

ఆ సీజను అయిపోగానే ఆ పని మానేశాను. ఇప్పుడు బందర్లో, చిలకలపూడి రోల్డుగోల్డు నగలమ్మే ఒక షాపులో ఆన్‌లైన్ ఆర్డర్లు చూస్తున్నాను. బాకీ ఇంకా కొంత ఉంది. ఈలోగా ప్రభుత్వం మారింది, పద్ధతీ మారింది. ఫీజు డబ్బు ఇక తల్లులకి కాదు, నేరుగా కాలేజీలకే వేస్తామన్నారు. కోడూరు ఆవిడ ఫోన్ చేసి, మరి నా ఖాతా ఏం చెయ్యాలమ్మా అని అడిగింది. శ్రమ పెట్టినందుకు ఏమనుకోవద్దన్నాను.

"పోన్లేమ్మా, షెడ్డు కూలి డబ్బులు అందులో వేసుకుంటన్నాను," అంది. "అక్కడ నాకు అప్పు లేదు కదా, ఎవరూ ముట్టుకోట్లేదు."

ఆ మాట అమ్మకి చెప్పాను. వారం తర్వాత అమ్మ, సంతకం ఎక్కడ పెట్టాలో చెబుదువు గాని అని నన్ను వెంటబెట్టుకుని అవనిగడ్డ బ్యాంకుకి బయల్దేరింది.