శారీ గార్డు విప్పిన రోజు

ఆదివారం మా క్లబ్బు బైకు రేసు. రోజూ డ్యూటీకి వెళ్ళే బండినే దానికి తయారు చేస్తున్నాను. ఈ రోజు పొద్దున్నే అద్దాలు, ఇండికేటర్లు, స్టాండు తీసేశాను. పడితే గాజు ముక్కలు ట్రాకు మీద చెల్లాచెదురు కాకుండా హెడ్‌లైటుకు టేపు అంటించాను. చివరికి బరువు తగ్గాలని వెనక ఫుట్‌రెస్టులు, శారీ గార్డు విప్పుతుంటే మా అమ్మ చూసేసింది. ఆ వెనక సీటు ఇన్నేళ్ళుగా ఆవిడ సొంత ఆస్తి.

"ఏట్రా ఇది? మరి నాను కాళ్ళెక్కడ ఎట్టుకోవాల?"

"అరే అమ్మా, రేసులో పీఛే సీటు మీద ఎవలూ కూకోరు."

సాయంత్రం రేసు తనిఖీ కోసం బండిని టెంపోలో ఆదిత్యపూర్ గ్రౌండుకు తీసుకెళ్తుంటే, అమ్మ కూడా ఎక్కి డ్రైవరు పక్కన కూర్చుంది.

తనిఖీ చేసే ఆయన ఒక్కో బోల్టూ లాగి చూసి, ట్యాంకు మీద తట్టి "పాస్" అన్నాడు. వెంటనే ఒక రౌండు కొట్టాను. ఏం చెప్పను! ఇన్నాళ్ళూ నాతో డ్యూటీకొచ్చిన బండి ఇదేనా? మలుపులో వంచితే మాట విన్నది, తిన్నగా వదిలితే దూకింది.

హెల్మెట్ తీసేసరికి అమ్మ ఎదురొచ్చింది. తిట్లు ఖాయమనుకున్నాను.

"రేసయ్యాక ఆ ఫుట్‌రెస్టులు బిగించు. శారీ గార్డు ఒద్దు. చుడీదార్ ఏసుకొత్తాను, అటో కాలు ఇటో కాలు ఏసి కూకుంటాను. నన్నూ ఇలాగే తిప్పాల!"

ఆదివారం సంగతి నేను చూసుకుంటాను. సోమవారం మా ఊరి మాంగో బ్రిడ్జి మీద అమ్మను ఎంత స్పీడులో తిప్పాలో మీరే చెప్పండి.