అన్నయ్యగారి కాపలా

స్టీలు సామాన్ల వ్యాపారి కొత్తగా కొన్న షాపుల బిల్డింగుకి పొద్దున్నే వెళ్ళేసరికి షట్టరు బార్లా తెరిచి ఉంది. లోపల కుళాయి దగ్గర పక్కకొట్టు టైలరమ్మ బకెట్ నింపుకుంటోంది.

"తాళంచెవి నీకెవరిచ్చారమ్మా?"

"పాత ఓనరుగారు వీధిలో అందరికీ ఇచ్చారుగా! మీకివ్వలేదా అన్నయ్యా?" అందామె జాలిగా.

ఆయనకు ఒళ్ళు మండింది. సాయంత్రానికల్లా తాళాలన్నీ మార్పించి, గుమ్మానికి కెమెరా పెట్టించి, ఇక చీమైనా దూరదని మీసం దువ్వుకున్నాడు.

మర్నాడు టైలరమ్మ బకెట్‌తో వచ్చి షట్టరు కొట్టింది. "అన్నయ్యా, కాస్త తీయండి!"

అన్నయ్యా అన్నాక కాదనడానికి ఆయనకు నోరు రాలేదు. ఆమె వెనకే సెలూన్ అతను, టీకొట్టతను వచ్చారు. వాళ్ళకూ ఆయన బాబాయో, బావగారో అయ్యాడు.

ఇప్పుడాయన గుమ్మంలో స్టూలేసుకుని, వచ్చినవాళ్ళకల్లా తాళం తీసి, వెళ్ళాక వేస్తుంటాడు. ఇంత పటిష్టమైన కాపలా ఆ వీధిలో ఇంకే బిల్డింగుకీ లేదు. స్టీలు సామాన్ల దుకాణం ఆయన భార్య చూసుకుంటోంది. బేరాలు బాగా పెరిగాయట.